పెట్టతోనా, పెట్టెతోనా? ఇంట్లో గుడ్లు పొదిగించాలనుకునేవాళ్లకు

"ఏ మెషిన్ కొనమంటావన్నా?" నాటుకోళ్లు కొత్తగా మొదలుపెట్టినవాళ్లు ముందు అడిగే మాట ఇదే. నేను తిరిగి ఒకటే అడుగుతాను: "మీ దొడ్లో వారానికి ఎన్ని గుడ్లు పోగవుతాయి?" పెట్టలెన్నో చెప్తారు, పుంజు రంగు చెప్తారు, గుడ్ల లెక్క మాత్రం ఎవరికీ నోటికి రాదు. గుడ్లు పెట్ట కింద వెయ్యాలా, పొదిగే పెట్టె పెట్టుకోవాలా, పొదిగించి పిల్లల్ని ఇచ్చే హేచరీకి ఇవ్వాలా అన్నది తేల్చేది ఆ లెక్కే.

ఎందుకంటే గుడ్డు ఎదురుచూడదు. పెట్టిన వారంలోపు పొదుగుకు వేస్తేనే దాని సత్తా దానికి ఉంటుంది. పది రోజులు దాటితే పిల్లల శాతం కళ్లకు కనిపించేలా పడిపోతుంది. రెండు వారాల గుడ్డు మీద ఆశ పెట్టుకోకండి. ఇప్పుడు లెక్క చూడండి. గుడ్ల మీదున్న పెట్టలు ఏడు ఉన్నాయనుకుందాం. నాటుపెట్ట రోజు విడిచి రోజు పెడుతుంది కాబట్టి వారానికి ఇరవై, పాతిక గుడ్లు. అలాంటి ఇంటికి వంద గుడ్ల మెషిన్ తెస్తే అది నిండాలంటే దాదాపు నెల పడుతుంది. ఈలోగా మొదటి గుడ్లు ముసలివైపోతాయి. లేదంటే నాలుగోవంతు కూడా నిండకుండా మెషిన్ ఊరికే తిరుగుతుంది. నాకు తెలిసి అటక మీద దుమ్ము పట్టిన మెషిన్లలో ఎక్కువ చెడిపోయినవి కావు, ఇంటికి మించినవి.

ఆ వారం రోజులైనా గుడ్లు దాచే తీరు ఒకటుంది. 15 నుంచి 18 డిగ్రీల చల్లదనం మంచిది. మన ఇళ్లల్లో అది చలికాలంలో తప్ప దొరకదు. గది పాతిక డిగ్రీలు దాటితే గుడ్డులోని పిండం సగం మేలుకుంటుంది, పెరగడానికి చాలినంత వేడి అందక అక్కడే నీరసించిపోతుంది. అందుకే ఎండాకాలంలో వారం అన్న లెక్కను మూడు, నాలుగు రోజులకు కుదించుకోవాలి. మా ఇంట్లో వంటగది మూల తడి ఇసుక పోసి, దాని మీద పాత కుండ పెట్టి, అందులో ఊక మీద గుడ్లు సన్నటి కొన కిందికి ఉండేలా నిలబెడతాం. పైన పల్చటి గుడ్డ. ఫ్రిజ్‌లో పెట్టకండి, ఆ చలి గుడ్డుకు ఎక్కువ. కడగొద్దు కూడా. పెంకు మీద కంటికి కనపడని పొర ఒకటుంటుంది, క్రిములను లోపలికి పోనివ్వనిది అదే. కడిగితే అదీ పోతుంది. రెట్ట అంటిన గుడ్డును కూరకు వాడుకోవడమే మేలు. పుంజు లేని మందలో గుడ్లు, కిరాణా కొట్టు తెల్లగుడ్లు పొదగవని వేరే చెప్పాలా? చెప్పాలి, ఏటా ఒకరైనా అడుగుతారు. ఎనిమిది పది పెట్టలకు ఒక పుంజు ఉంటే చాలు.

పెట్ట సంగతి ముందు

వారానికి పది పదిహేను గుడ్లే అయితే, ఇంట్లో పొదుగుకొచ్చిన పెట్ట ఉంటే, ఇక ఈ వ్యాసం ఇక్కడితో ఆపేసి గంప వెతుక్కోవచ్చు. అంతకంటే మంచి యంత్రం లేదు. పొదుగు మీదున్న పెట్టకు రొమ్ము కింద ఈకలు రాలి ఒళ్లు బయటపడుతుంది. ఆ వెచ్చటి చర్మం గుడ్డుకు నేరుగా తగులుతుంది. రోజులో ఎన్నోసార్లు ముక్కుతో గుడ్లు తిప్పుతుంది, అంచున చల్లబడ్డవాటిని నడిమికి లాక్కుంటుంది. రోజుకోసారి లేచి పావుగంటో ఇరవై నిమిషాలో తిని, తాగి, రెట్ట వేసి, దుమ్ములో పొర్లి మళ్లీ వచ్చి కూర్చుంటుంది. కరెంటు పోయినా దానికి తెలియదు.

కానీ ప్రతి పెట్టా పొదగదు. మన దేశవాళీ నాటుపెట్ట బాగా పొదుగుతుంది. అసీల్ కూడా గట్టిగా కూర్చుంటుంది, కాకపోతే బరువెక్కువ కాబట్టి పల్చటి పెంకు గుడ్లు దాని కింద పగులుతుంటాయి. రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ నుంచి వచ్చిన వనరాజా, గ్రామప్రియ లాంటివి గుడ్లకూ మాంసానికీ తయారుచేసిన రకాలు, వాటిలో పొదుగు బుద్ధి బాగా తగ్గిపోయింది. కడక్‌నాథ్‌ను నమ్ముకోలేం. ఫారాల్లో గుడ్ల కోసం పెంచే లేయర్ కోడికి ఆ ఊసే లేదు. కాబట్టి మీ మంద మొత్తం ఈ రకాలే అయితే పెట్ట అనే దారి మీకు మూసుకుపోయినట్టే, రెండు నాటుపెట్టలు తెచ్చుకుంటే తప్ప.

పొదుగుకొచ్చిందో లేదో తెలుసుకోవడం తేలిక. గూట్లోంచి లేవదు. చెయ్యి పెడితే ఈకలు ఉబ్బించి, గొంతులో గురగురమంటూ పొడవడానికి వస్తుంది. అయినా ఆ రోజే గుడ్లు వెయ్యొద్దు. రెండు రాత్రులు పనికిరాని గుడ్లు రెండు కింద పెట్టి చూడాలి. మూడోరోజు కూడా అలాగే కూర్చుంటే అసలు గుడ్లు చీకటి పడ్డాక మార్చాలి. పగలు గూడు మారిస్తే పెట్ట చిరాకుపడి లేచి పాత చోటుకే పోతుంది. మా అమ్మ పాత గంపలో అడుగున బూడిద, దాని మీద వరిగడ్డి, నడుమ గుప్పెడు వేపాకు వేస్తుంది. బూడిదా వేపాకూ పేలకి. పేలు పడితే పెట్ట పదిహేనో రోజున కూడా గుడ్లు వదిలి లేచిపోతుంది, అంతకంటే కడుపుమంట ఇంకోటి ఉండదు. గుడ్లు పదకొండో పదమూడో వేస్తుంది గానీ పన్నెండు వెయ్యదు. ఎందుకమ్మా అంటే "మీ నాయనమ్మ వేసేది కాదు" అంటుంది. దానికి నా దగ్గర ఎదురు జవాబు లేదు.

వేసే ముందు ప్రతి గుడ్డు మీద పెన్సిల్‌తో గీత పెట్టండి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది, కానీ పొదుగుతున్న గూట్లోకి వేరే పెట్ట దూరి గుడ్డు పెట్టిపోవడం మామూలే. గీత లేని గుడ్డు కనబడితే ఆ పూటే తీసెయ్యొచ్చు. లేకపోతే 21వ రోజు సగం గుడ్లు పిల్లలై, మిగతావి ఇంకా వారం వెనకబడి ఉంటాయి. పెట్ట పిల్లలతో లేచిపోతుంది, ఆ వెనకబడ్డవి మురిగిపోతాయి.

పెట్ట ఖర్చు మనకు లెక్కలో కనపడదు, అంతే. గుడ్ల మీద 21 రోజులు, తర్వాత పిల్లలతో రెండు నెలలు, అంటే దాదాపు 80 రోజులు అది గుడ్డు పెట్టదు. ఉన్నవి నాలుగు పెట్టలైతే అందులో రెండు ఇలా పోతే ఇంట్లో గుడ్డే ఉండదు. దీనికి తోడు ముంగిస, పాము, జంగపిల్లి. తలుపు లేని గూట్లో పొదిగిస్తే ఏదో ఒకరోజు పొద్దున్నే ఈకలే మిగులుతాయి.

థర్మాకోల్ పెట్టె: చౌక, కానీ కాపలా కావాలి

వారానికి ఇరవై నుంచి నలభై గుడ్లున్నవాళ్లు, చేతిలో స్క్రూడ్రైవర్ ఆడేవాళ్లు దీనితో మొదలుపెట్టొచ్చు. చేపల మార్కెట్లో దొరికే థర్మాకోల్ పెట్టె, రెండు బల్బులు, చిన్న ఫ్యాను, వేడిని చూసి బల్బును వెలిగించి ఆర్పే థర్మోస్టాట్ ఒకటి, నీళ్లగిన్నె. కొన్న మెషిన్ ధరలో నాలుగోవంతు కూడా అవదు. కరెంటు కూడా భయపెట్టదు: 40 వాట్ల బల్బులు రెండు సగం సేపే వెలుగుతాయనుకుంటే 21 రోజులకు 20 యూనిట్లు.

బల్బులు గుండు బల్బులే కావాలి, లోపల తీగ ఎర్రగా కాలేవి. ఎల్‌ఈడీ వెలుగిస్తుంది గానీ వేడినివ్వదు. గుండు బల్బులు ఇప్పుడు చాలా షాపుల్లో పెట్టడం లేదు, దొరికినప్పుడు నాలుగు ఎక్కువ కొనిపెట్టుకోండి. థర్మోస్టాట్‌గా అందరూ వాడేది డబ్ల్యూ 1209 అనే చిన్న బోర్డు. ఎక్కువమంది దెబ్బతినేది దీని సెట్టింగుల్లోనే, కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. కొత్త బోర్డు చల్లబరిచే పనికి సెట్ అయి వస్తుంది. పీ0 అనే సెట్టింగులోకి వెళ్లి సీ ఉన్నచోట హెచ్ పెట్టాలి. పెట్టకపోతే వేడెక్కినప్పుడు బల్బులు వెలుగుతాయి, చల్లబడితే ఆరిపోతాయి. రెండోది పీ1. అందులో 2 ఉంటుంది, అంటే రెండు డిగ్రీలు పడిపోయేదాకా బల్బు వెలగదు. దాన్ని 0.2కు దించాలి. మూడోది తీగ చివరి నల్లటి బుడిపె. అదే వేడి చూసేది. అది గుడ్ల పైభాగం ఎత్తులో, బల్బుకు దూరంగా ఉండాలి. బల్బు పక్కన వేలాడదీస్తే స్క్రీన్ మీద 37.5 చూపిస్తుంది, గుడ్ల దగ్గర 35 ఉంటుంది.

ఫ్యాను ఉన్న పెట్టెకు 37.5 నుంచి 37.8 డిగ్రీలు. ఫ్యాను లేని పెట్టెలో వేడి పైకి చేరుతుంది, కింద చల్లగా ఉంటుంది. అందుకని గుడ్డు పైతట్టున కొలిస్తే 38.5 దగ్గర ఉంచాలి. నా సలహా, ఫ్యాను లేకుండా చెయ్యనే వద్దు. పాత కంప్యూటర్ ఫ్యానైనా చాలు.

గుడ్లు చేత్తో తిప్పాలి. ఒకవైపు గుణకారం గుర్తు, మరోవైపు సున్నా గీసుకుని రోజుకు మూడుసార్లు, వీలైతే ఐదుసార్లు తిప్పండి. తిప్పకపోతే పిండం పెంకు లోపలి పొరకు అతుక్కుపోతుంది. బేసి సంఖ్యలో తిప్పమనేది ఎందుకంటే, రాత్రి పొడుగు సేపు ఒకరోజు ఈ పక్క, మర్నాడు ఆ పక్క పడుకుంటుందని. 18వ రోజు తిప్పడం ఆపేసి, మూత వేసి ఇక తెరవకూడదు.

నా మొదటి పెట్టెలో బల్బు ఒక్కటే పెట్టాను. 19వ రోజు రాత్రి అది మాడిపోయింది. పొద్దున ఐదింటికి చూస్తే లోపల 27. గుడ్లు ముట్టుకుంటే చల్లటి రాళ్లలా ఉన్నాయి. అమ్మ వచ్చి ఒక్కో గుడ్డూ చెవి దగ్గర పెట్టుకుంది. మూడోదాని దగ్గర ఆగి, "ఏరా, దీంట్లో టిక్కుమంటంది, ముందు బల్బు మార్చు" అంది. 24 గుడ్లలో తొమ్మిది పిల్లలయ్యాయి, అవి కూడా 22, 23 రోజులకు. అప్పట్నుంచి రెండు బల్బులు. ఒకటి పోయినా ఇంకోటి ఉదయందాకా నెట్టుకొస్తుంది.

ఆ రోజు నాకు అర్థమైంది ఇంకోటుంది. పిండం చలిని ఓర్చుకున్నంతగా వేడిని ఓర్చుకోదు. 27 డిగ్రీలకు పడినా తొమ్మిది బతికాయి. అదే 41కి పెరిగి ఒకటి రెండు గంటలు ఉంటే పెట్టె మొత్తం పోయేది. డబ్ల్యూ 1209లోని రిలే, అంటే బల్బును వెలిగించి ఆర్పే స్విచ్చు, రోజూ వందలసార్లు టక్కుటక్కుమని కొట్టుకుంటుంది. ఎప్పుడో ఒకసారి అతుక్కుపోయి బల్బు ఆరకుండా ఉండిపోతుంది. అందుకే రెండో థర్మోస్టాట్ ఒకటి అదే లైన్లో వరసగా కలిపి 38.5 దగ్గర ఆపేలా పెట్టుకుంటే నిశ్చింత. వైరింగ్ రానివాళ్లు ఊళ్లో ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. నీళ్లగిన్నె, థర్మాకోల్, 230 వోల్టులు ఒకే పెట్టెలో ఉంటున్నాయని మరవద్దు. బల్బు థర్మాకోల్‌కు తగిలితే అది కరుగుతుంది, అంటుకుంటుంది కూడా.

కొన్న మెషిన్‌లో ఏం చూడాలి

డ్యూటీకి పోయేవాళ్లు, పగలు ఇంట్లో ఎవరూ ఉండనివాళ్లు దీనికే పోవాలి. డబ్బు పెట్టేది ముఖ్యంగా తిప్పుడుకే. రెండు గంటలకోసారి గుడ్లను అదే తిప్పుతుంది, ఆ పని మీరు మరచిపోవచ్చు. మిగతా పనులన్నీ థర్మాకోల్ పెట్టె కూడా చేస్తుంది.

షాపులో స్క్రీన్లు, రంగుల లైట్లు చూపిస్తారు. మీరు మూడు చూడండి. ఒకటి, 12 వోల్టుల బ్యాటరీ పెట్టుకునే దారి ఉందా. పల్లెలో కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు గనక ఇది ఉన్నదే తీసుకోవాలి. రెండు, మూత తియ్యకుండా బయటి నుంచి నీళ్లు పోసే వీలుందా. చివరి మూడు రోజులు దీని విలువ తెలుస్తుంది. మూడు, ఫ్యాను, మోటారు పోతే విడిగా దొరుకుతాయా. మీద రాసిన గుడ్ల లెక్క ఏ సైజు గుడ్డుకో అడగండి. చిన్న గుడ్డుకు చెప్పిన లెక్కలో మన పెద్ద గుడ్లు పట్టవు.

తెచ్చాక గుడ్లు వెయ్యకముందే ఒకరోజంతా ఖాళీగా నడపండి. స్క్రీన్ చెప్పేదాన్ని నమ్మకండి. ఇంట్లో జ్వరం చూసే డిజిటల్ థర్మామీటర్ గుడ్ల ఎత్తులో నాలుగు మూలలా పెట్టి చూడండి. అది సరిగ్గా మనకు కావలసిన 37, 38ల దగ్గరే కచ్చితంగా ఉంటుంది, ఇంతకంటే చౌక పరీక్ష లేదు. అర డిగ్రీ తేడా ఉంటే పిల్లలు ముందో వెనకో వస్తాయి. డిగ్రీ తేడా ఉంటే చాలా గుడ్లు చివరిదాకా రావు. తేమ మీటర్‌కూ పరీక్ష ఉంది: సీసా మూతలో ఉప్పు పోసి ముద్దలా తడిపి, మీటర్‌తో కలిపి డబ్బాలో మూసిపెడితే కొన్ని గంటలకు 75 చూపించాలి. 68 చూపిస్తే మీ మీటర్ ఏడు తక్కువ చెప్తోందని గుర్తుంచుకుంటే సరి.

మెషిన్లలో అడుగు నున్నగా ఉంటుంది. పుట్టిన పిల్ల దాని మీద కాళ్లు జారి రెండు పక్కలకు చీలిపోయి కుంటిదవుతుంది. 18వ రోజున గోనెపట్టా ముక్కో, వలలాంటి మ్యాటో పరవండి.

ఊరు, నెల

ఇది ఎవరూ చెప్పరు. అందరూ "తేమ 50, చివర్లో 65" అని ఒక లెక్క పట్టుకుని గిన్నె నిండా నీళ్లు పోస్తారు. మెషిన్ గదిలోని గాలినే లోపలికి లాక్కుని వేడిచేస్తుంది. గాలి వేడెక్కితే తేమ శాతం పడిపోతుంది. ఎంత పడుతుందన్నది మీ గదిని బట్టి ఉంటుంది.

వానాకాలం, కాకినాడ వైపు, గది 30 డిగ్రీలు, తేమ 80 శాతం అనుకోండి. ఆ గాలి 37.6కు వేడెక్కితే లోపల చుక్క నీళ్లు లేకుండానే 52 శాతం తేమ ఉంటుంది. మీరు గిన్నె నిండా పోస్తే గుడ్డు ఆరదు, పిల్ల నీళ్లలో ఉబ్బి ముక్కు పైకెత్తలేక చస్తుంది. అదే అనంతపురం ఎండాకాలం, గది 36 డిగ్రీలు, 20 శాతం: లోపల 18. గిన్నె చాలదు, వెడల్పాటి ట్రే కావాలి. ఇక చలికాలం ఆదిలాబాద్ తెల్లవారుజాము, 15 డిగ్రీలు, 60 శాతం అనుకుందాం. బయట మంచు కురుస్తుంటే తేమ ఎక్కువే కదా అనిపిస్తుంది. కానీ వేడెక్కాక లోపల మిగిలేది 16 శాతమే. మూడింటిలోకీ ఎండు అదే.

మీటర్ కూడా లేనివాళ్లకు వంటింటి తూకం చాలు. 18వ రోజుకు గుడ్డు బరువులో 11 నుంచి 13 శాతం తగ్గాలి. పది గుడ్లు కలిపి 500 గ్రాములుంటే 18వ రోజుకు 440 దగ్గర ఉండాలి. తొమ్మిదో రోజున 485 ఉంటే తేమ ఎక్కువైందని, నీళ్లు తీసెయ్యాలని. 455కు దిగితే నీళ్లు పెంచాలని. చివరి మూడు రోజులు మాత్రం ఏ ఊరైనా 65, 70 ఉండాలి, లేకపోతే పొర ఎండి పిల్లకు చుట్టుకుంటుంది.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, గుడ్లు అంతకుముందే పోతాయి. గది 40 డిగ్రీలుంటే మెషిన్ ఏం చేస్తుంది? బల్బు ఆర్పగలదు గానీ చల్లబరచలేదు. కొత్తగూడెం, రెంటచింతల వైపు మే నెలలో రేకుల గదిలో మెషిన్ పెట్టడం గుడ్లు ఉడకబెట్టుకోవడమే. మట్టిగోడల గదో, కింది అంతస్తులో ఎండ తగలని గదో లేకపోతే ఆ నెలంతా మానెయ్యండి. పెట్టైనా ఆ ఎండలో నోరు తెరిచి రొప్పుతూ గుడ్ల మీదనుంచి పదే పదే లేస్తుంది. మేం ఏప్రిల్ రెండో వారం తర్వాత వెయ్యం. మళ్లీ రెండు వానలు పడ్డాకే.

హేచరీకి ఇవ్వడం

వారానికి వంద పైన గుడ్లుంటే ఇంట్లో తంటాలు పడటం దండగ. గుడ్డుకు ఇంత అని తీసుకుని పొదిగించి పిల్లల్ని ఇచ్చే హేచరీలు చాలాచోట్ల ఉన్నాయి. వాళ్ల దగ్గర జనరేటర్ ఉంటుంది, చెయ్యి తిరిగిన పనితనం ఉంటుంది. కానీ పదిమంది గుడ్లు ఒకే గదిలో ఉంటాయి కాబట్టి జబ్బు పిల్లలు కలిసే ప్రమాదం ఉంది. మొదటిసారి కొన్నే ఇచ్చి చూడండి. గుడ్ల మీద మీ గుర్తు వెయ్యండి. దారిలో కుదుపు తిన్న గుడ్లను వెంటనే మెషిన్‌లో పెట్టనివ్వకండి, సన్నటి కొన కిందికి పెట్టి ఒకరోజు కదలకుండా ఉంచాలి. ఆన్‌లైన్‌లో తెప్పించుకునే గుడ్లకూ ఇదే.

కోడి కాక వేరే పిట్టలైతే

కౌజుకు 17, 18 రోజులు. పెంపుడు జపనీస్ కౌజుల్లో పొదుగు బుద్ధి పోయింది, కోడి కింద వేస్తే చిట్లిపోతాయి. మెషినే దిక్కు. గిన్నీ కోడికి 26 నుంచి 28 రోజులు. ఆ తల్లి పొదల్లో దాచి గుడ్లు పెడుతుంది, పిల్లల్ని తడిగడ్డిలో తిప్పి చంపుకుంటుంది, కాబట్టి గుడ్లు తెచ్చి నాటుపెట్ట కింద వెయ్యడమే మంచిది. బాతుకు 28, మస్కోవీ బాతుకు 35. మా అమ్మ బాతుగుడ్లు వేసిన వారానికి అదే పెట్ట కింద ఐదారు కోడిగుడ్లు చేరుస్తుంది, అన్నీ ఒకే రోజు పగులుతాయి. టర్కీకి 28. దీన్ని మాత్రం కోడి కింద వెయ్యకపోవడమే మంచిది. కోడికి పెద్దగా ఏం చెయ్యని పేగు పరాన్నజీవి ఒకటి టర్కీ పిల్లల కాలేయాన్ని తినేస్తుంది.

సరదాకు రింగ్‌నెక్ ఫెసెంట్లు అనే పొడుగు తోక పిట్టల్ని పెంచేవాళ్లకు కూడా ఇదే భయం. వాటికి 23 నుంచి 25 రోజులు, 21వ రోజున తిప్పడం ఆపాలి, వేడి కోడి లెక్కే. గదుల్లో పెరిగిన ఫెసెంట్ పెట్టలు సాధారణంగా పొదగవు. బ్రిటన్‌లో వేటతోటల కాపలావాళ్లు ఒకప్పుడు ఈ పని కోసమే నాటుకోళ్లను మేపేవాళ్లు. అలా చేస్తే తేలికపాటి పెట్టను ఎంచుకుని, కోళ్లు తిరగని శుభ్రమైన నేల మీద ఉంచాలి. పిల్లలు చాలా చిన్నవి, వేలు పట్టే సందుంటే జారుకుంటాయి. చేలల్లో దొరికే నెమలి గుడ్లు, అడవికోడి గుడ్లు తెచ్చి పొదిగించొద్దు. 1972 వన్యప్రాణి చట్టం కింద అది నేరం. ఎక్కడున్నవి అక్కడే ఉంచి అటవీశాఖకు చెప్పండి.

మరి నేనేం చేస్తాను

పదిహేను లోపు గుడ్లు, నాటుపెట్ట ఉంది: పెట్ట. నలభై లోపు, ఇంట్లో మనిషి ఉంటారు: థర్మాకోల్ పెట్టె. అంతే గుడ్లు, ఇంట్లో ఎవరూ ఉండరు: నలభై యాభై గుడ్ల ఆటోమేటిక్ మెషిన్, బ్యాటరీతో. కరెంటు నాలుగైదు గంటలు పోయే ఊరు, బ్యాటరీ కొనే స్తోమత లేదు: మళ్లీ నాటుపెట్ట. వంద పైన: హేచరీ. చిన్న కోత అయితే కంగారు పడొద్దు, మెషిన్ మీద దుప్పటి కప్పితే ఒకటి రెండు గంటలు ఏం కాదు. చివరి వారంలో మాత్రం గాలి రంధ్రాలు మూయకూడదు, అప్పటికి లోపల ఉన్నవి ఊపిరి పీల్చుకునే పిల్లలు.

నేను రెండూ కలిపి వాడతాను. పెట్ట కింద అసలు గుడ్లు వేసిన రోజునే మెషిన్‌లోనూ గుడ్లు పెడతాను. ఏడో రాత్రి లైట్లు ఆర్పి, ఫోను టార్చి మీద పిడికిలి బిగించి ఆ సందులో గుడ్డు పెట్టి చూస్తాను. మంచి గుడ్డులో నల్లటి చుక్క, దాని చుట్టూ సాలెగూడులా ఎర్రటి నరాలు. చుక్క కదులుతుంది కూడా. ఏమీ లేకుండా పచ్చగా వెలిగేది కట్టని గుడ్డు, అంటే పిండం లేనిది, ఎర్రటి ఉంగరం గీసినట్టున్నది చచ్చింది. అవన్నీ తీసేస్తే పెట్ట కింద మూడు నాలుగు ఖాళీలు వస్తాయి. మెషిన్ గుడ్లలో మంచివి అక్కడికి పోతాయి.

21వ రోజు మెషిన్ పిల్లలు బయటికొస్తాయి. పెంకుకు బొక్క పడ్డాక పిల్ల బయటపడటానికి 12 నుంచి 24 గంటలు పట్టొచ్చు. ఆత్రపడి పెంకు ఒలవకండి, లోపలి పొరలో నెత్తురు ఇంకా పిల్లలోకి పోతూనే ఉంటుంది, ఒలిస్తే కారి చస్తుంది. తడి ఆరి, ఉన్ని బంతులయ్యేదాకా లోపలే ఉంచుతాను. పొట్టలోకి పోయిన పచ్చసొన రెండు రోజులకు సరిపడా మేత, ఆకలికి చావవు.

ఆ రాత్రి తొమ్మిది దాటాక, వీధి దీపం వెలుతురు పడని వైపు నుంచి గంప ఎత్తుతాను. పిల్ల గుప్పిట్లో ఉంటుంది, వేళ్ల సందున కిచకిచమంటుంది. పెట్ట రెక్క కింద వెనకనుంచి చెయ్యి దూర్చి, దాని సొంత పిల్లల మధ్య వదిలి, ఒక గుడ్డు పెంకు బయటికి తీస్తాను. పెట్ట ఒకసారి గురగురమని సర్దుకుంటుంది. ఒక్కో పెట్టకు పదిహేను దాకా ఇలా చేరుస్తాను, అంతకు మించితే రెక్కలు చాలవు. మిగిలినవి బుట్టలో బల్బు కింద, మొదటి వారం 35 డిగ్రీలు, తర్వాత వారానికి మూడు డిగ్రీలు తగ్గిస్తూ. ఏడో రోజు అన్నిటికీ కొక్కెర తెగులు రాకుండా వేసే టీకా చుక్క, కంట్లో ఒకటి.